మిడ్‌ఫీల్డ్ మాస్టారు

పొద్దున్నే ఆఫీసులో ఆ రోజు వెళ్ళవలసిన ఇళ్ళ జాబితా చేతికిచ్చారు. నేను కమ్యూనిటీ నర్సును. ఐర్లండులోని ఈ స్లైగో ఊరంతా, చుట్టుపక్కల పల్లెలూ కారులో తిరుగుతూ ఇళ్ళలో ఉన్న రోగులకు కట్లు మార్చడం, కుట్లు చూడడం నా పని. జాబితాలో నాలుగో ఇల్లు చూసి ఆగిపోయాను. మోకాలి మార్పిడి ఆపరేషను, వయసు డెబ్బై నాలుగు, హార్బరు వెనక వీధి. అది మా డ్రైవింగ్ మాస్టారి ఇల్లు. ఆయనే లేకపోతే ఆ జాబితా నా చేతికి వచ్చేదే కాదు.

మాస్టారు ఇంగ్లీషాయన. పదహారేళ్ళకే అక్కడి ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో చేరి పెద్ద ఆటగాళ్ళ బూట్లు తుడిచి, తర్వాత పదిహేనేళ్ళపాటు మిడ్‌ఫీల్డులో ఆడారు. అంటే ఏమిటని నేను అడిగితే, గోల్ కొట్టడమూ కాదు, ఆపడమూ కాదు, మధ్యలో బంతి అందుకుని ఇంకొకరికి అందించడం అన్నారు. మా పెళ్ళిళ్ళలో వడ్డన చేసేవాళ్ళలాగన్నమాట అన్నాను. వంటవాడికి పేరొస్తుంది, పెళ్ళికొడుక్కి ఫోటో వస్తుంది, వడ్డించినవాడు ఆఖరి పంక్తిలో చల్లారిన పులుసు తింటాడు. ఈ మాట ఆయనకు ఎంత నచ్చిందంటే, ఇంటికి వెళ్ళి భార్యకు చెప్పారట. ముప్పై రెండేళ్ళ వయసులో ఒక్క సీజను ఆడి వెళ్ళిపోదామని స్లైగో జట్టులోకి వచ్చి, బేకరీలో రొట్టెలమ్మే అమ్మాయిని చూసి ఉండిపోయారు. ఆట మానేశాక డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టి ముప్పై ఏళ్ళకు పైగా అదే పని చేశారు. గుంటూరులో డ్రైవింగ్ నేర్పేవాళ్ళను మాస్టారనే అంటాం కాబట్టి నేను అలాగే పిలిచాను. ఆయన కాదనలేదు.

ఏడేళ్ళ కిందట నా పరిస్థితి ఏమీ బాగాలేదు. మావారి ఉద్యోగం మూడు గంటల దూరంలో, డబ్లిన్ శివార్లలోని సిటీవెస్ట్ దగ్గర. శుక్రవారం వచ్చి ఆదివారం వెళ్ళేవారు. నాకు ఇక్కడి ఆస్పత్రిలో పన్నెండు గంటల డ్యూటీలు. పాపకు ఆరేళ్ళు. నైట్ డ్యూటీ ఉన్న రోజుల్లో దాన్ని వీధి చివర ఉండే తెలుగు ఆంటీ ఇంట్లో పడుకోబెట్టేదాన్ని. ఒకరోజు బడి నుంచి వస్తూ, "విచ్ హౌస్ యామ్ ఐ ఇన్ టుడే, మమ్మీ?" అని అడిగింది. ఏడుపు లేదు, అలక లేదు, ఊరికే అడిగింది. సరిగ్గా ఆ నెలలోనే కమ్యూనిటీ నర్సు ఉద్యోగానికి ప్రకటన పడింది. పగటిపూట పని, వారానికి ఐదు రోజులు. ఇంటర్వ్యూ గట్టెక్కాను. కానీ డ్రైవింగ్ లైసెన్సు కావాలి, మన దేశపుది ఇక్కడ చెల్లదు. ఆగస్టు ఆఖరు వరకు చూస్తాం, తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తాం అన్నారు.

గుంటూరులో నేను స్కూటీ మీద ఝాన్సీరాణిని. ముందు చూపు, హారను, ఈ రెండూ ఉంటే చాలు, వెనక వచ్చేవాడి బతుకు వాడిది. మాస్టారి దగ్గర ఈ విద్య చెల్లలేదు. "బంతి కాలి దగ్గరకు వచ్చాక చూస్తే ఏం లాభం? రాకముందే రెండు భుజాల మీదుగా చూసి పెట్టుకోవాలి" అనేవారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని మాకూ ఒక సామెత ఉంది మాస్టారూ అంటే, మరి సామెత వచ్చి ఉండీ అద్దం ఎందుకు చూడవన్నారు. ఆ అద్దం దగ్గరే మొదటి టెస్టు పోయింది.

రెండో టెస్టు ఇంకా అన్యాయం. రెండు పక్కలా కార్లు ఆగి ఉన్న సన్నటి వీధి, ఎదురుగా ఒక వ్యాను. వ్యాను అతను రెండుసార్లు లైట్లు కొట్టాడు. మన రోడ్ల మీద ఎదుటివాడు లైట్లు కొట్టాడంటే నేనొస్తున్నా, తప్పుకో అని. బుద్ధిగా పక్కకు తీసి ఆపాను. అతను కదలడు. మళ్ళీ లైట్లు. అబ్బో, పొగరు అనుకుని నేనింకా పక్కకు జరిగాను. పక్కన కూర్చున్న పరీక్షాధికారి ఏదో రాసుకుంటూనే ఉన్నాడు. తిరిగొచ్చి చెబితే మాస్టారు స్టీరింగు మీద తల ఆనించి నవ్వారు. ఇక్కడ లైట్లు కొడితే నువ్వే ముందు వెళ్ళు తల్లీ అని అర్థమట. ఇన్నేళ్ళలో ఎవరూ ఇలా ఫెయిలవలేదన్నారు. నాకు నవ్వు రాలేదు, కళ్ళనీళ్ళొచ్చాయి. మావారు ఫోనులో, "పోనీలేవే, ఇంకోసారి రాద్దువుగాని" అన్నారు. రాయడానికి ఇది ఇంటర్మీడియట్టా?

మర్నాటి నుంచి మాస్టారు ఒక పని చేశారు. ఊళ్ళో సగంమంది డ్రైవర్లు ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే. రొట్టెల వ్యాను అతనికీ, బస్సు అతనికీ, చేపల లారీ అతనికీ చెప్పి పెట్టారు. రెండు నెలలపాటు నేను ఏ సందులోకి తిరిగినా ఎదురుగా ఎవరో ఒకరు లైట్లు కొట్టి ఆగేవారు. నేను ముందుకు వెళ్ళేదాకా కదిలేవారు కాదు. పక్కనుంచి పోతుంటే స్టీరింగు మీద నుంచి ఒక వేలు ఎత్తి పలకరించేవారు. మొదట నేను తలవంచి నమస్కారం పెట్టేదాన్ని. తర్వాత నాకూ వేలెత్తడం వచ్చింది.

ముచ్చటగా మూడో టెస్టు ఆగస్టు ఆఖరి వారంలో పడింది. అది పోతే ఉద్యోగమూ పోయినట్టే. టెస్టు సెంటరు బయట నేను సీటు బెల్టు విప్పకుండా కూర్చోవడం మాస్టారు చూశారు. అప్పుడు చెప్పారు. జన్మకల్లా పెద్ద మైదానంలో ఆయన ఆడింది ఒకే ఒక్క మ్యాచట. జనాన్ని చూసి ఒళ్ళు మరిచి, వెనక్కి చూడకుండా బంతి అందుకున్నారు. వెనక నుంచి ఒకడు తన్నుకుపోయి గోల్ కొట్టాడు. జట్టు ఓడిపోయింది. "మరుసటి శనివారం మా మేనేజరు మళ్ళీ నన్నే ఆడించాడు. నేను నిన్ను మూడోసారి తీసుకొచ్చాను. అంతే, వెళ్ళు" అన్నారు.

పాసయ్యాను. కాగితం చూపిస్తే ఆయన నాకంటే ముందు కళ్ళు తుడుచుకున్నారు, వానచినుకులన్నారు. స్లైగోలో ఆ సాకు ఎప్పుడూ దొరుకుతుంది. సెప్టెంబరు నుంచి పాప రోజూ తన మంచం మీదే పడుకుంది.

ఇవాళ తలుపు తీసింది ఆయన భార్య. మాస్టారు కుర్చీలో కాలు చాపుకుని ఉన్నారు. కట్టు విప్పాను. కుట్లు శుభ్రంగా ఉన్నాయి. వాటి పక్కనే పాత మచ్చ ఒకటి, వంకరగా. ఇరవై రెండేళ్ళప్పుడు ఆటలో తగిలిన దెబ్బట. డాక్టరు ఆరు వారాలు ఆడకూడదంటే, జీవితం అయిపోయిందని దిండులో ముఖం దాచుకుని ఏడ్చారట. ఇప్పుడు కర్ర లేకుండా ఎప్పుడు నడుస్తానని అడిగారు. భయపడుతూనే ఆరు వారాలన్నాను. ఆయన వంటింటి వైపు తిరిగి, "ఆరు వారాలేనట, టీ పెట్టు" అని భార్యను కేకేశారు.

కొత్త కట్టు కడుతూ లెక్క వేసుకున్నాను. ఇరవై రెండేళ్ళప్పుడు ఆయనకు జీవితమంత పొడుగనిపించిన ఆరు వారాలు, ఇప్పుడు ఒక కప్పు టీ పాటివి. మూడో టెస్టు కోసం చూసిన ఆ రెండు నెలలు నాకు ఎంతకీ గడవలేదు. ఆ తర్వాత పాప నా భుజం దాటి ఎదిగిన ఏడేళ్ళు ఎటు పోయాయో తెలియనే లేదు. మనిషి దగ్గర కాలం తగ్గేకొద్దీ, దాన్ని వెచ్చించే చెయ్యి మాత్రం పెద్దదవుతుంది కాబోలు.