నిలువు తప్పిన ఓక్ ఇల్లు

నేను కంటితో చూడని ఒక ఇంటి పటం కింద, గీసినవాడిగా నా సంతకం ఉంది. రేపు ఎవరైనా దానిని కొలిచి గీసిన పటమని నమ్మవచ్చు. ఆ పొరపాటు జరగకూడదు కనుక, జరిగినది రాసిపెట్టడం నా విధి.

2020లో విమానాలు ఆగిపోయిన రోజులవి. మా కంపెనీకి పూర్వం ముదీర్‌గా, అంటే మేనేజరుగా ఉన్న ఆంగ్లేయుడు గల్ఫులోని ఫుజైరాలో మా వీధిలోనే ఉండేవారు. ఆయన కింద చాలా ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. ఇంగ్లండు పల్లెలో ఆయన పుట్టిన ఇంటిని అక్కగారు అమ్మివేస్తున్నారు. తాళాలు చేతులు మారేలోగా ఒక్కసారి ఆ గడప తొక్కాలని ఆయన ఆశ. టికెట్టు రెండుసార్లు రద్దయింది. చివరికి నన్ను పిలిచి, "యల్లా, ఇక మొదలుపెట్టు. నేను చెబుతాను, నువ్వు గీయి" అన్నారు.

ఆయన వరండాలో ఎడంగా కూర్చుని రాసుకున్నాను. రాతి పునాది మీద ఓక్ స్తంభాలు, దూలాలు. ఒక్క మేకు లేదు. కీళ్లన్నీ కొయ్య చీలలతో బిగించినవే. ఏ దూలం ఏ స్తంభానిదో తెలిసేందుకు వడ్రంగులు ఉలితో పెట్టిన గుర్తులు ఇంకా ఉన్నాయట. స్తంభాల నడుమ పుల్లలతో అల్లిన తడిక, దాని మీద మట్టి, సున్నం. మేడ భాగం కింది గోడను దాటి మూరెడు ముందుకు వస్తుంది. పచ్చి కలప ఎండుతూ వంగినందువల్ల ఇల్లంతా వీధివైపు ఒరిగిందని కూడా చెప్పారు.

ఆ ఒక్కటి నేను పాటించలేదు. సెట్‌స్క్వేర్ ఆనించి ప్రతి స్తంభాన్నీ తిన్నగా నిలిపాను.

పటం ఆయనకు చూపించాను. "చక్కగా ఉంది. కాని ఇది మా ఇల్లు కాదు. మా మేడగదిలో గోలీ వదిలితే కిటికీ దాకా దొర్లేది. నీ మేడలో అది కదలదు."

ఇంట్లో చెబితే నా భార్య నవ్వింది.

"ఆయనిల్లు మీరు సరిచెయ్యడమేంటండీ? మా అమ్మమ్మ వంటపాక తడికకీ ఇలాగే వంకలు పెట్టారు. ఆవిడ బతికున్నన్నాళ్లూ మీకు చిక్కటి కాఫీ ఇచ్చిందా?"

"అది వేరు."

"ఏం వేరండీ! కూర్చుని మళ్లీ గియ్యండి."

సెట్‌స్క్వేర్ పక్కన పెట్టి, చేత్తోనే గీశాను. ఒక గీతను వంకరగా వదలడం నాకు అంత కష్టమని అప్పటిదాకా తెలియదు. రెండో పటంలో ఆయన వేలు స్తంభం వెంట పైకి పాకి, మేడ కిటికీ దగ్గర ఆగింది.

"బెత్తెడు కిందికి దించు. అమ్మ కూర్చునే బయటికి చూసేది."

దించాను.

విమానాలు మొదలయ్యేసరికి ఇల్లు పరులదైంది. ఆయన ఇక వెళ్లలేదు. పటం ఆయన గోడ మీద ఉంది, నకలు నా వద్ద. దానిని విప్పినప్పుడల్లా, నేనెన్నడూ ఎక్కని ఆ మేడగది మీద నాకూ బెంగ కలుగుతుంది.

అటువంటి ఇళ్లు ఎరిగిన పాఠకులు కీళ్లలో, దూలాల అమరికలో నా తప్పులు దిద్దాలని కోరుతాను. ఒరుగును మాత్రం ఉన్నది ఉన్నట్టుగా ఉంచండి. అది ఆయన చెప్పినది.