కాగితం వెనక వైపు

జనగామలో ఇప్పటికీ ఒక మాట నడుస్తుంది. తెలంగాణ కోసం సమ్మె జోరుగా ఉన్న రోజుల్లో మా బడి డ్రాయింగ్ సారు అందరినీ దీక్షలో కూర్చోబెట్టి, తాను కడప దిక్కు షికారు పోవాలనుకున్నాడని. అది అబద్ధం. పుట్టించింది నేను కాదు. ఆపగలిగిన మనిషిని మాత్రం నేనొక్కణ్నే. ఆపలేదు.

అప్పుడు బళ్లు మూతపడ్డాయి. చౌరస్తా దగ్గర టెంటు కింద ఉపాధ్యాయులం వంతులవారీగా నిరాహార దీక్షలో కూర్చునేవాళ్లం. ఎవరి వంతు ఏ రోజో రాసే బాధ్యత నాది. బ్యానర్లు రాసే పని డ్రాయింగ్ సారుది. బస్సులు లేక నర్మెట్ట నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. ఆయన అక్షరాలు అచ్చు వేసినట్టుండేవి. అందరూ నన్ను సార్ అంటే, ఆయన 'అరె భాయ్' అనేవాడు.

ఊరికే కూర్చుని కూర్చుని నాకు కడప జిల్లా గండికోట పిచ్చి పట్టింది. పెన్నా కోసిన ఎర్రరాతి లోయ, చుట్టూ నీడలేని ఎండు నేల. ఎవరి దగ్గరో ఫొటో చూశాను. జమ్మలమడుగులో గది తీసుకుని అక్కడి నుంచి లోయకు పోయి రావాలి. బంద్ ఎప్పుడు పడుతుందో తెలియదు కాబట్టి తేదీలు పెట్టుకోవద్దు. రైలు దొరికిన రోజే బయలుదేరాలి, ఎండ ముదిరితే గదిలోనే ఉండాలి, ఒక రోజు ఖాళీగా వదిలేయాలి. నేను చెబుతుంటే ఆయన ఒక కాగితం మీద రాశాడు.

రాయడం ఆపి అన్నాడు, "అరె భాయ్, గంత దూరమెందుకు? భూపాలపల్లి దిక్కు ఎర్రరాళ్ల గుట్టలున్నయి. వాటి నడుమ గూడ లోయలే. మన దిక్కు రాళ్లు రాళ్లు కావా?"

"గుట్టకు లోయకు ఫరక్ తెల్వదు నీకు. బొమ్మలేసుకో పో," అన్నాను.

నవ్వి, కాగితం తిప్పి వెనక తన ప్రయాణం ఎలా ఉండాలో రాసుకున్నాడు. భూపాలపల్లిలో మకాం. బస్సు నడిస్తే బస్సు, లేకుంటే తెలిసినవాళ్ల ట్రాక్టరు. సమ్మె ముగిశాకే ప్రయాణం. ఆ చివరి మాట కింద గీత కూడా గీశాడు.

వారం తర్వాత, నినాదం రాయడానికి చిత్తుకాగితం కావాలని ఒకాయన డ్రాయింగ్ సారు సంచిలో చెయ్యి పెట్టాడు. ఆ కాగితమే చేతికొచ్చింది. సమ్మె కమిటీ పెద్దమనిషి దాన్ని అందుకుని టెంటంతా వినపడేట్టు చదివాడు.

"జమ్మలమడుగుల రూమట. ఒకరోజు ఖాళీ అట. ఏంది సారూ, మేం గీడ ఉపాసముంటె నువ్వు గాడ షికారా?"

"కడపల చుట్టాలున్నరేమో," అన్నారెవరో వెనక నుంచి. నలుగురు నవ్వారు.

"చేతిరాత నీదేనా కాదా, గదొక్కటి చెప్పు."

"నాదే," అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు.

ఆ రోజు దీక్ష వంతు నాది. అంతకు గంట ముందే మైకులో, ఒక్క అడుగు కూడా పక్కకు జరిగేది లేదని మాట్లాడాను. మెడలో దండ ఇంకా ఉంది. ప్రయాణం నాది, కాగితం తిప్పి చూడండి అంటే చాలు. నేను ఒళ్లో రాలిన బంతిపూల రెక్కలు ఏరుతూ కూర్చున్నాను. తిప్పి చూడమని ఆయనైనా అనొచ్చు. అంటే మొదటి వైపు ఎవరిదని అడుగుతారు, నా పేరు చెప్పాల్సి వస్తుంది. అందుకే అనలేదని నాకు అప్పుడే తెలుసు.

మర్నాటి నుంచి బ్యానర్లు వేరేవాళ్లు రాశారు. వంతుల జాబితాలో ఆయన పేరు కొట్టేయమన్నారు. కొట్టేశాను.

రాష్ట్రం వచ్చింది. అంతకు ముందే ఆయన భూపాలపల్లి అవతల, ఎవరూ కోరుకోని ఊరికి బదిలీ చేయించుకుని పోయాడు. పోయిన ఎండాకాలం వెతుక్కుంటూ వెళ్లాను. గడప దగ్గరే "రండి సార్" అన్నాడు. చాయ్ ఇచ్చాడు. తప్పు నాదేనని చెప్పాను.

"అయిపోయింది కద సార్," అన్నాడు. కొంచెం ఆగి, "మా నాయిన పాణం పోయే ముందట గూడ అడిగిండు, నిజంగనే పోదామనుకున్నవా అని. లేదన్న. నమ్మిండో లేదో."

గుట్టలకు పోదామా అని అడిగాను. తాను చాలాసార్లు చూశానన్నాడు. ఒక కాగితం తీసుకుని నాకోసం రాశాడు. ఏ బస్సు, ఎక్కడ దిగాలి, ఎండెక్కక ముందే ఎంత నడవాలి, ఏ చోటు దాటితే నీళ్లు దొరకవు. అవే అక్షరాలు.

"వీలు చూసుకొని పోయి రండి సార్."

నేను గుట్టలకు పోలేదు. జనగామ బస్సెక్కాను.

మొదటి కాగితం ఆ రోజే టెంటులో ఎక్కడో పోయింది. దాని వెనక వైపు చదివినవాళ్లం ఆయనా నేనూ మాత్రమే. ఆ టెంటులో ఉన్నవాళ్ల కోసం అక్కడ ఏముందో ఇప్పుడు రాస్తున్నాను. మకాం భూపాలపల్లిలో. సమ్మె ముగిశాకే ప్రయాణం. కింద గీత ఉంది.