సున్నం కాదు, బూజు

రాములవ్వకు నోరుందని మా వాడలో అందరూ అంటారు. నాకు నోరు లేదని కూడా వాళ్లే అంటారు. బోధన్‌లో మా ఇంటి అరుగు మీద మేమిద్దరం పక్కపక్కన కూర్చొని బీడీలు చుట్టేవాళ్లం. ఎనిమిదో తరగతితో నా బడి ఆగిపోయాక మా అవ్వ, అంటే అమ్మ, నా ఒళ్లో చాట పెట్టింది. ఆకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం మాత్రం రాములవ్వే నేర్పింది. ఆమె భర్త లింగం చెరుకు లారీ నడిపేవాడు. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు. పిల్లలు లేరు. నేను చిన్నమ్మా అని పిలిచేదాన్ని.

ఆమె నోటికి రెండు పనులుండేవి. మా బీడీలు బాగాలేవని కార్ఖానా గుమాస్తా పక్కన పడేస్తే, "గా బీడీకి ఏమైంది సారూ, కాలిరిగిందా?" అని అడిగేది ఆమే. రెండోది పెళ్లిపాట. మా దిక్కు పెళ్లిళ్లలో ఆడవాళ్లు రెండు గుంపులుగా కూర్చొని ఒకరినొకరు ఎగతాళి చేస్తూ పాటలు కడతారు. అవతలివాళ్ల పాటకు జవాబు చెప్పలేని గుంపు ఓడినట్టు. రాములవ్వ ఉన్న గుంపు ఎన్నడూ ఓడలేదు.

2007 ఎండాకాలంలో మా అక్క శ్యామలకు మోస్రా ఊరి సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు మేనత్త హన్మవ్వ పాటకు కూర్చుంటే ఎదుటివాళ్లకు చెమటలు పడతాయని పేరు. లగ్నం ఖాయమైన రోజే మా అవ్వ రాములవ్వ చేతులు పట్టుకుంది.

"మా ఇజ్జత్ నీ నోట్లున్నది చెల్లె."

"ఉండనియ్. గా హన్మవ్వ పాటలొడిసి బస్సెక్కేదాక పాడుత."

ఆ తర్వాత కొన్నాళ్లకే ఆమె మాట తగ్గింది. నేను మాట్లాడను కాబట్టి అందరి నోళ్లూ చూస్తుంటాను. పచ్చిమిరపకాయ కొరికి జొన్న గటక తినే మనిషి ఉత్త మజ్జిగన్నం తింటోంది. గోడవైపు తిరిగి నీళ్లు తాగుతోంది. ఒకరోజు ఆవలించినప్పుడు చూశాను. నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి మచ్చలు.

"సున్నంతోని కాలింది బిడ్డా. పాన్‌ల ఎక్కువేసిండు," అంది.

అప్పుడే మా ఇంట్లో పెళ్లికని బూజు దులిపి, గోడలకు సున్నం వేస్తున్నారు. "మేము గోడకేస్తే నీ నోట్లెట్ల పడ్డదే?" అని అవ్వ నవ్వింది. రాములవ్వ మాత్రం బస్టాండు దగ్గర పాన్‌డబ్బా పెట్టుకున్న మరాఠీ మనిషి ఆత్మారాం మీదికి పోయింది. నేను వెనక నిలబడ్డాను.

"ఆత్మారాం భావూ, నా నోరేమన్న గోడ అనుకున్నవా? డబ్బెడు సున్నం పూసినవ్."

"అరే తాయీ, పుల్ల మొన మీద పెట్టిన. నీ మాటల వేడికి కాలింది గావచ్చు."

మరుసటి రోజు నుంచి అతను సున్నం లేకుండానే పాన్ కట్టాడు. వారం గడిచింది. తెలుపు తగ్గలేదు. గొంతు దాకా పాకింది. ఆమెకు ఉమ్మి మింగడమే కష్టమైంది. పెళ్లికి తొమ్మిది రోజులే ఉంది.

"రేపు నాతోని నిజామాబాద్ రా. బట్టలకని చెప్పు మీ అవ్వకు," అంది.

మా బస్సు ఎడపల్లి దాటింది. రాములవ్వ కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ మెల్లగా చెప్పింది.

"లింగానికున్న హెచ్ఐవి నాకున్నది బిడ్డా. ఆయన పోయినప్పుడే రక్తం చూసి చెప్పిండ్రు. ఇన్నేండ్లు ఒంటికేం కాలే, నేను ఎవ్వరికి చెప్పలే. గిది సున్నం కాదేమోనని నాకు రెండు దినాల సంది అనుమానం."

"నన్నే ఎందుకు తెచ్చినవ్ చిన్నమ్మా?" అన్నాను.

"నీకు నోరు లేదు గదా. గందుకే."

నవ్వబోయి, నొప్పికి చెంప పట్టుకుంది.

పెద్దాసుపత్రిలో బోర్డులు చదువుకుంటూ దంతాల గది దగ్గరికి తీసుకెళ్లాను. లోపల చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. "ఏమైందమ్మా?" అని అడిగింది. గుమాస్తాలను గడగడలాడించిన రాములవ్వ నేల చూస్తూ కూర్చుంది. తర్వాత నా వైపు చూసింది. చెప్పాల్సింది నేనే.

"ముందుగాల సున్నమనుకున్నం మేడం. సున్నం మానేసినా తగ్గలే. మింగుతే నొస్తున్నది." ఊపిరి తీసుకున్నాను. "చిన్నమ్మకు హెచ్ఐవి ఉన్నది."

డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరుపుతుందేమోనని చూశాను. ముందుకు జరిపింది. అందరికీ వేసుకునే గ్లౌజులే వేసుకొని, దూదితో నాలుకను తుడిచింది. తెలుపు కొంచెం దూదికి అంటింది. కింద ఎర్రగా కనబడింది.

"ఇది సున్నం కాదమ్మా, బూజు. ఒంట్లో బలం తగ్గితే నోట్లో పడుతుంది. మందుకు పోతుంది. కానీ బూజు పోయిందని ఊరుకోవద్దు. రక్తం చూపించుకొని హెచ్ఐవి మందులు మొదలుపెట్టాలి. ఇక రోజూ వేసుకోవాల్సిందే."

రాములవ్వ తలెత్తింది. "పెండ్లని ఇల్లంత బూజు దులిపినం మేడం. నోరు దులుపుడు మరిచిపోయినం."

డాక్టరమ్మ మాస్కు వెనక నవ్వింది.

"ఎనిమిది దినాల్ల పాట పాడాలె. వస్తదా?"

"మందు సరిగ్గా వాడితే నొప్పి తగ్గుతుంది. పాన్, తంబాకు మాత్రం బంద్."

"పాన్ మానుత. పాట ఒక్కటి మాననియ్యకున్రి."

పక్క గదిలో పరీక్షకు రక్తం తీసుకున్నారు. మింగడానికి మాత్రలు, నోటికి పూయడానికి ఊదారంగు మందు ఇచ్చారు. పది రోజులు పూయమన్నారు. పొద్దునే ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించి, ఆమె మా వెనక గదిలో నోరు తెరిచేది. నేను దూదితో మందు పూసేదాన్ని. నాలుగో రోజు పప్పన్నం తిన్నది. ఆరో రోజు చాట ముందు కూర్చొని కూనిరాగం తీసింది. అవ్వ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి, "ఇగ బతికినం," అంది. గొంతుకు మందని మాత్రమే ఆమెకు తెలుసు.

పెళ్లి రోజు కూడా రాములవ్వ దూది పట్టుకొని వచ్చింది.

"ఇయ్యాల వద్దు చిన్నమ్మా. నోరంత ఊదగైతది. అందరు అడుగుతరు."

"డాక్టరమ్మ పది దినాలన్నది. పూయి."

పూశాను.

సాయంత్రం పందిట్లో రెండు గుంపులూ ఎదురెదురుగా కూర్చున్నాయి. హన్మవ్వ మా కూరలో ఉప్పు లేదని మొదలుపెట్టింది. మీ పెళ్లికొడుకు నవ్వులోనూ ఉప్పు లేదని రాములవ్వ తిప్పికొట్టింది. గొంతు పలచగా ఉన్నా నిలబడింది. నాలుగైదు పాటలు అటూ ఇటూ నడిచాయి. అప్పుడు హన్మవ్వ కళ్లు రాములవ్వ నోటి మీద ఆగాయి. చప్పట్లు కొడుతూ అందుకుంది:

"నేరేడు పండ్ల కాలం రానే రాకపాయె
బోధన్ వదినమ్మ నోరు నీలమెట్లాయె
సిరాబుడ్డి దొంగిలించి గటగట తాగినవా?"

మోస్రా వాళ్లు ఈలలు వేశారు. అందరూ రాములవ్వ నోటివైపే చూస్తున్నారు. రాములవ్వ దాచుకోలేదు. నాలుక మొత్తం బయటపెట్టి చూపించి, పాట అందుకుంది:

"సిరా తాగిన నోరు వదినా, సదువుకున్న నోరు
మోస్రా కతలన్ని రాసిపెట్టుకున్న నోరు
ఏ పేజీ తియ్యాలె చెప్పు వదినా
మీ అన్న పేజీనా, నీ పేజీనా?"

పందిరి కూలుతుందేమో అన్నట్టు నవ్వారు. ఆ అన్న, పెళ్లికొడుకు తండ్రి, లేచి నీళ్ల డ్రమ్ము వెనక్కి పోయాడు. హన్మవ్వ నోరు తెరిచింది, మూసింది, కొంగు అడ్డం పెట్టుకొని తానే పగలబడి నవ్వింది. జవాబు రాలేదు. లేచి వచ్చి రాములవ్వ పక్కన కూర్చొని, లడ్డు విరిచి ఆమె నోట్లో పెట్టింది.

"తెరువు వదినా, గా పుస్తకం తెరువు."

రాములవ్వ లడ్డును రెండు దవడలతో నములుతూ తిన్నది. నెల రోజుల్లో ఆమె అలా నమలడం అదే మొదటిసారి చూశాను.

పరీక్ష కాగితం వచ్చాక ఆమె మందులు మొదలుపెట్టింది. ఇప్పటికి రెండేళ్లు, ఒక్కపూట తప్పలేదు. ఇది రాయమన్నదీ ఆమే. "పేరు మార్చకు బిడ్డా. పాట కూడ సక్కగ రాయి," అంది.

అప్పుడు, పెళ్లి మర్నాడే, మేమిద్దరం ఆత్మారాం డబ్బా దగ్గరికి పోయాం.

"భావూ, తప్పు నీ సున్నంది కాదు. నా నోట్ల బూజుండె. ఇగ పాన్ బంద్."

ఆత్మారాం మొహం వేలాడేశాడు. "మరి నేను ఎవల తోని కొట్లాడాలె తాయీ?"

"సోంపు పెట్టు. అండ్ల తప్పు వెతుకుత," అని రాములవ్వ చెయ్యి చాపింది.