ఆర్డర్లన్నీ నా టెస్టింగ్ మెయిల్‌లో

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. నెల్లూరులో వెబ్‌సైట్లు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో డిజైనర్‌గా పనిచేస్తున్నాను. అప్పుడు చేసిన ఒక సైట్ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. అందులో ఎక్కువ మంట నా మీదే.

పులికాట్ ఒడ్డున ఉన్న ఒక కుప్పం నుంచి పోలమ్మ అనే ఆవిడ వచ్చింది. మత్స్యకారుల పల్లెను మా వైపు కుప్పం అంటారు. అక్కడి మహిళా సంఘానికి ఆమె లీడరు. రొయ్యలు, నెత్తళ్ళనే చిన్న చేపలు ఇసుకలో కాకుండా బల్లల మీద పరిచి, వల కప్పి శుభ్రంగా ఎండబెడతారట. సరుకు కొనే వ్యాపారి దయాదాక్షిణ్యాల మీద బతకడం మానేసి, వెబ్‌సైట్ పెట్టి నేరుగా అమ్ముకుందామని సంఘంలో అందరినీ ఒప్పించి వచ్చింది. "బొమ్మలు బాగా రావాల పాపా. మా సరుకు ఎండలో ఎట్లా మెరస్తాదో అట్లా కనపడాల" అంటూ నా పక్కనే కూర్చుని ఒక్కొక్క ఫొటో ఏరింది.

సైట్‌లో కాంటాక్ట్ ఫామ్ అని ఒకటి ఉంటుంది. కొనేవాళ్ళు అందులో తమ పేరు, కావలసిన సరుకు రాసి నొక్కితే అది అమ్మేవాళ్ళ మెయిల్‌కు వెళ్తుంది. తయారుచేసేటప్పుడు పరీక్ష కోసం మేము మా సొంత అడ్రస్ పెట్టుకుంటాం. అదే టెస్టింగ్ మెయిల్. సైట్‌ను లైవ్ చేసే ముందు, అంటే అందరికీ తెరిచే ముందు, దాన్ని తీసేసి క్లయింట్‌ది పెట్టాలి. నేను పెట్టలేదు. సాయంత్రంలోగా మూడు సైట్లు లైవ్ కావాలని ఆరోజు బాస్ నెత్తిన కూర్చున్నాడు. అది సాకు కాదు. మర్చిపోయాను, అంతే.

తర్వాత పోలమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది, ఒక్క ఆర్డరూ రాలేదని. సైట్ తెరిచి చూస్తే బ్రహ్మాండంగా ఉంది. కొత్త సైటు కదక్కా, కొంచెం టైం పడుతుందన్నాను. ఎంత తేలిగ్గా అనేశానో.

ఎనిమిది నెలల తర్వాత ఇంకో సైట్ పరీక్షిస్తూ, ఎప్పుడూ పైది చూసి మూసేసే ఆ టెస్టింగ్ మెయిల్‌ను కిందిదాకా చూశాను. బెంగళూరు హోటలాయన ఎండు రొయ్యలు కావాలని మూడుసార్లు రాశాడు. మూడోసారి, బదులు కూడా ఇవ్వని వాళ్ళు వ్యాపారం ఎందుకు పెట్టారని తిట్టాడు. చెన్నై నుంచి, గూడూరు నుంచి, కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉన్నాయి.

పోలమ్మకు ఫోన్ చేశాను. నేను నోరు విప్పేలోపే ఆమె చెప్పుకొచ్చింది. తనను లీడరుగా తీసేశారట. అబద్ధాలు చెప్పి ముంచిందని ఆడవాళ్ళు మాట్లాడటమే మానేశారట. ఆదివారం మీటింగ్ పెట్టి సరుకంతా మళ్ళీ ఆ వ్యాపారికే రాసిచ్చేస్తున్నారట. తేలు కుట్టిన దొంగలా ఫోన్ పెట్టేశాను.

బాస్‌కు చెబితే తల కూడా ఎత్తలేదు. "చేపలెండబెట్టుకునే వాళ్ళకు ఇవన్నీ ఏం తెలుస్తాయి? మెయిల్ మార్చేసి, ఇప్పుడే ఆర్డర్లు మొదలైనాయని చెప్పు. దండం పెడతారు" అన్నాడు. మరి ఆమె పోగొట్టుకున్న పేరు సంగతేంటని అడిగాను. అది మన ప్రాజెక్టులో లేదన్నాడు.

ఆ మాటకు వచ్చిన కోపం ఇంతవరకు దిగలేదు. మెసేజ్‌లన్నీ ప్రింట్ తీసుకుని ఆదివారం బస్సెక్కాను. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉందని ఆరోజు పడవలు కదల్లేదు. మగవాళ్ళతో సహా కుప్పమంతా మీటింగ్‌లోనే ఉంది. తప్పు పోలమ్మది కాదు, నాదని చెప్పి ఒక్కొక్క మెసేజ్ గట్టిగా చదివాను.

పోలమ్మ వచ్చి నా చేతిలో కాగితాలు లాక్కుంది. "ఎనిమిది నెల్లు వీళ్ళ మధ్యన తలొంచుకోని తిరిగినా" అంది.

వ్యాపారికి రాసివ్వడం ఆగింది. గూడూరు వాళ్ళు సరుకు కొన్నారు. బెంగళూరాయన మాత్రం మళ్ళీ రాలేదు. లీడరుగా ఉండమని సంఘం అడిగితే పోలమ్మ చాలా రోజులు బెట్టు చేసింది. చెయ్యదూ మరి!

నేను ఆ ఆఫీసు మానేశాను. ఇప్పుడు సైట్ అప్పగించేటప్పుడు మొదటి మెసేజ్ క్లయింట్ చేతే పంపిస్తాను. అది వాళ్ళ ఫోన్‌లో మోగేదాకా కుర్చీలోంచి లేవను. అలా మొదట పంపింది పోలమ్మే, ఆ ఆదివారమే. అందరి ముందూ నా మెయిల్ తీసేసి ఆమెది పెట్టి, పరీక్షకు ఫామ్‌లో ఏదో ఒకటి పంపమన్నాను. ఆమెకు టైపు చేయడం రాదు. ఫోన్ మైకు నోటి దగ్గర పెట్టుకుని, నా మొహంలోకి చూస్తూ చెప్పింది.

"నీకు సిగ్గుండాల పాపా."

నొక్కింది. ఆమె చేతిలోనే ఫోన్ మోగింది.