రెండో పక్క పిడి

వెండెల్ పికెట్ భోజనానికి కూర్చున్నాడంటే పళ్లెంలో కూర చల్లారడం ఖాయం. మిగతా జనం తల వంచి నాలుగు ముక్కలు ప్రార్థన చేసి, ఆమెన్ అని ఫోర్కు అందుకుంటారు. వెండెల్ అలా కాదు. వాన కురిసినందుకు, కురవకపోతే కనీసం గాలైనా వీచినందుకు, ఎవరి బావిలోనో పాత పంపు ఇంకో ఏడాది లాక్కొచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెబుతాడు. బీన్సు పండించినవాళ్లకి, వండినవాళ్లకి, తిన్నాక గిన్నెలు కడగబోయేవాళ్లకి కూడా చెబుతాడు. వేట నుంచి వచ్చాకైతే ఇక అడగొద్దు. ప్రాణమిచ్చిన జంతువు దగ్గర మొదలుపెట్టి బండి టైర్ల దాకా వస్తాడు.

మా ఆయన రాయిస్ కాసేపు ఓపిక పట్టేవాడు. తరవాత ఒక కన్ను తెరిచి నన్ను చూసి, పళ్లెం వైపు చూసి, గట్టిగా అనేవాడు: "ఆమెన్! ఇక చాల్లే ముసలోడా, అవతల దేవుడికీ ఆకలేస్తుంది." వెండెల్ ఏమీ అనుకోకుండా ఫోర్కు అందుకునేవాడు. ఏళ్ల తరబడి మా బల్ల దగ్గర ప్రతి ఆదివారం ఇదే తంతు.

వెండెల్ ఇల్లు మా రోడ్డుకి అవతలి వైపు. ఓక్లహోమాలో మా పడమటి కొసన పశువులున్న ప్రతి ఆసామి బావీ వెండెల్‌కి తెలుసు. గాలిమరలు, పంపులు బాగుచేయడం అతని పని. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే "నన్నెవరూ అడగలేదు" అంటాడు. నిజమే అయ్యుంటుంది, అతనంతట అతను అడిగే రకం కాదు. పక్కింట్లో చక్కెర కావాలన్నా గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి వాతావరణం గురించి మాట్లాడతాడు. గిన్నె చూసి మనమే అర్థం చేసుకోవాలి. ఇక ఏదైనా కొనాలంటే మాత్రం పక్కనున్నవాళ్ల తల ప్రాణం తోకకొస్తుంది. ఒక జత బూట్ల కోసం ఒక ఎండాకాలం మొత్తం గడిపేసిన మనిషి.

ప్రతి అక్టోబరులో రాయిస్, వెండెల్ కలిసి కొలరాడో కొండలకి ఎల్క్ అనే పెద్ద దుప్పుల వేటకి వెళ్లేవాళ్లు. నేను వెళ్లేదాన్ని కాదు. ఖాళీ పాల డబ్బాల్లో నీళ్లు పోసి గడ్డకట్టించి పంపడం నా వంతు. వాళ్లు ఎముక తియ్యకుండా కాళ్లకి కాళ్లు తెచ్చేవాళ్లు. నా వంటింటి బల్ల మీద ముగ్గురం కత్తులు పట్టుకుని పొద్దుటి నుంచి కోసేవాళ్లం. సగం మాకు, సగం వెండెల్‌కి. పంచుకునే ముందు ఒక మంచి ముక్క తీసి పక్కన పెట్టాలి. అది వేటకెళ్లినప్పుడు మన కోళ్లనీ కుక్కనీ చూసుకున్నవాళ్లది. మాకు ఆ పని చేసిపెట్టేది పొరుగున ఉన్న కార్లీన్. ఆ ముక్క తను ఇంటికి పట్టుకెళ్లదు. మా ఇంట్లోనే వండించి, వడ్డించుకుని, ఇంకా ఉప్పు పడాలని వంక కూడా పెట్టి వెళుతుంది.

కిందటి ఏడాది ఒక పొరపాటు జరిగింది. మాంసం తెచ్చే పాత ఐసుపెట్టె పగిలిపోతే రాయిస్ కొత్తది కొన్నాడు. ఎల్క్ వెనక్కాలు పొడవెంతో తనకి కంఠతా వచ్చు. కొట్లో టేపు పెట్టి కొలిచాడు, సరిపోయింది, తెచ్చేశాడు. కొలిచింది పెట్టె బయట. ఆ పెద్ద పెట్టెల గోడలు ఎంత మందమో ఇద్దరికీ కొండ మీదికి వెళ్లాక గాని తెలియలేదు. కాలు లోపల పడుకోలేదు, మూత మూసుకోలేదు. తాడు బిగించి, సందులో కోట్లు కుక్కి తెచ్చారు. కొండ దిగాక మా మైదానంలో ఎండ అక్టోబరని ఊరుకుంటుందా? ఇంటికొచ్చి చూస్తే ఒక వెనక్కాలు ఎముక దగ్గర పులిసిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, తెలిసిపోతుంది.

రాయిస్ ఆ కాలు ముందు కూలబడ్డాడు. "అంత జంతువుని చంపి, పారేయడానికి తెచ్చానే" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వెండెల్ మూలనున్న నా పొడుగు కర్ర చీపురు తీసుకుని, బాగున్న ఇంకో కాలు పక్కన పెట్టి, సరిగ్గా ఆ పొడవుకి కర్రని రంపంతో కోసేశాడు.

"నా చీపురు!" అన్నాను.

"ఇకమీదట ఇది పెట్టె లోపల పెట్టి చూద్దాం" అన్నాడు వెండెల్, రాయిస్‌తో. "వచ్చే ఏడాది తప్పు జరగదులే." రాయిస్ ముక్కు తుడుచుకుని నవ్వాడు. పొట్టి చీపురుతో నేను చలికాలమంతా నడుం వంచి ఊడ్చుకున్నాను.

ఫిబ్రవరిలో రాయిస్ పోయాడు. ట్రాక్టరు షెడ్డు దగ్గర గుండె ఆగిపోయింది. ముందుగా చూసింది వెండెలే.

ఆ తరవాత కూడా వెండెల్ ఆదివారాలు వచ్చేవాడు. కానీ తల వంచి ఊరికే కూర్చుని, ఒక్క మాటా పైకి అనకుండా ఫోర్కు అందుకునేవాడు. కూరలు పొగలు కక్కుతుండగానే తినేసేవాళ్లం. ఎన్నో ఏళ్లు నేను కోరుకున్నది అదే, తీరా దొరికితే ముద్ద దిగలేదు. రానురాను ఒక ఆదివారం వస్తే రెండు వారాలు ఏదో పంపు పని ఉందనేవాడు. రాయిస్ లేని ఇంటికి రావడం అతనికి కష్టంగా ఉందని తెలుస్తూనే ఉంది. నాకు భయం వేసింది. భర్త పోయాడు, ఈ మనిషి కూడా మెల్లగా జారిపోతే ఆ బల్ల దగ్గర మిగిలేది నేను, నా ఉప్పు డబ్బా. కానీ నేనూ అడిగే రకం కాదు. మొండితనంలో వెండెల్‌కి తీసిపోను.

జూన్‌లో వెండెల్‌కి వేట పర్మిట్ వచ్చింది. వెళతావా అంటే "చూద్దాం" అన్నాడు. వెండెల్ నోట చూద్దాం అంటే దాదాపు లేదనే.

ఆగస్టులో ఒక శనివారం పొద్దున్నే గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో గిన్నె లేదు, నా చీపురు కర్ర ముక్క ఉంది.

"ఎండ ఎక్కువగానే ఉంది" అన్నాడు.

"ఆగస్టులో ఉంటుంది మరి."

"ఐసుపెట్టెలు కొనాలి. నువ్వొస్తే..." అని ఆగాడు.

వేటకి వెళుతున్నాడన్నమాట. మంచిదే అనుకున్నాను. ఒక్కడే వెళుతున్నాడని కొంచెం కోపం కూడా వచ్చింది, ఎందుకో అడక్కండి.

పశువుల దాణా నుంచి బూట్ల దాకా అమ్మే పెద్ద కొట్టు మాకు పక్క ఊళ్లో ఉంది. ఐసుపెట్టెలు ఒక వరస నిండా పేర్చి ఉన్నాయి. అమ్మే పిల్ల ట్రిష్ నవ్వుతూ వచ్చింది.

"మీరొక్కరే వెళుతున్నారా సార్? అయితే ఈ చిన్నవి రెండు తీసుకోండి. చక్రాలున్నాయి, లాక్కుంటూ పోవచ్చు."

"కొండ మీద రాళ్లుంటాయమ్మా. చక్రాలేం చేసుకోను?" అన్నాడు వెండెల్. చీపురు కర్ర చిన్న పెట్టెలో పెట్టాడు. సగం బయటికే ఉంది.

"ఎముక తీసేసి ముక్కలుగా తెచ్చుకోవచ్చు కదా సార్, చాలామంది అలాగే..."

"నెల్డా వంటింటి బల్ల మీద కోస్తాం" అన్నాడు వెండెల్, నా వైపు చెయ్యి చూపించి. అక్కడితో ఆ మాట అయిపోయింది.

అన్నిటికన్నా పెద్దదాంట్లో కర్ర హాయిగా పడుకుంది, పక్కన ఇంకో కాలికి కూడా చోటుంది. ట్రిష్ కళ్లు మెరిశాయి. వెండెల్ మాత్రం లేచి వెళ్లి పశువులకి పెట్టే ఉప్పు మూటలు ఒక్కొక్కటే మోసుకొచ్చి అందులో పడేశాడు. మాంసం, ఐసు కలిపి ఎంత బరువుంటుందో అంత అన్నమాట.

"ఆ పక్క పిడి పట్టుకో నెల్డా" అన్నాడు.

పట్టుకున్నాను. పెట్టె నేల విడవలేదు. నా నడుం మాత్రం కలుక్కుమంది.

"ఇది కాదు" అన్నాడు.

దానికన్నా ఒక సైజు తక్కువది తీయించాడు. అందులో కర్ర అంచుకి అంచు సరిపోయింది, పైన ముందరి కాలికి మాత్రం చోటుంటుంది. ఉప్పు మూటలు దించి అందులో సర్దాడు. "ఎత్తు." ఎత్తాను, పెట్టె ఊగిపోయింది. ఒక మూట తీశాడు. "ఇప్పుడు?" లేచింది. "నడువు." బూట్ల వరస చివరిదాకా నడిచాం. జనం పక్కకి తప్పుకున్నారు. ఒక ముసలాయన టోపీ కూడా తీశాడు, శవపేటిక అనుకున్నాడేమో. "చెయ్యి మార్చుకో. ఇంకోసారి." మళ్లీ నడిచాం.

"వేళ్లు నొప్పెట్టాయా?"

"లేదు."

"ఊపిరి ఆడుతోందా?"

అప్పటికి నాకు వెలిగింది. పెట్టె అక్కడే దించేశాను.

"వెండెల్, నువ్వు నన్ను కొలుస్తున్నావు."

"పెట్టెనే కొలుస్తున్నా."

"అబద్ధమాడకు. చర్చిలో పెద్దమనిషివి."

వెండెల్ చీపురు కర్రని ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. "ఒక్కణ్ణే వెళ్లాలంటే చక్రాల పెట్టె చాలు. కానీ ఒక్కణ్ణే వెళ్లబుద్ధి కావట్లేదు. పెద్ద పెట్టెకి రెండు పిడులుంటాయి. ఇద్దరు లేకపోతే లేవదు." కర్ర చివర నేలకి ఆనించాడు. "నువ్వు రానంటే పర్మిట్ వెనక్కిచ్చేస్తా. ఆదివారాలు కూడా... ఏమో నెల్డా, రాయిస్ ఖాళీ కుర్చీని అలా చూస్తూ ఎన్నాళ్లు తినగలనో తెలియట్లేదు."

"అడగడానికి నోరు లేదా? ఇంత వయసులో నా చేత ఉప్పు మూటలు మోయించాలా?"

"అడిగితే వద్దంటావని."

"ఇప్పుడు కూడా అనొచ్చుగా!"

"అనొచ్చు" అని ఒప్పుకున్నాడు. "కానీ ఇప్పటికే మోసేశావు కదా."

ట్రిష్ ఉప్పు మూట వెనక మొహం దాచుకుని నవ్వుతోంది. నాకు కోపం, ఏడుపు, నవ్వు మూడూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు బయటికి వస్తుందో తెలియక "అలాంటివి రెండు తీసుకో" అన్నాను.

ఊరికి తెలియడానికి ఎంతసేపు? "గుడారంలో ఇద్దరేనా?" అంది కార్లీన్, కనుబొమలు నెత్తికెక్కించి. "గుడారాలు రెండు, కుతూహలం ఉన్నవాళ్లకి ఐసు మొయ్యడానికి చోటుంది, వస్తావా?" అన్నాను. రాలేదు. కోళ్లని చూసుకుంటానంది.

వేట గురించి గొప్పలు చెప్పను. చలి ఎముకలు కొరికింది, నా బూటు వాగులో పడింది. ఒక తెల్లవారుజామున వెండెల్ ఒకే దెబ్బకి ఆడ ఎల్క్‌ని పడేశాడు. టోపీ తీసి, దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని మెడ నిమిరాడు. కాళ్లు చెట్టుకి వేలాడదీసి, రాత్రి చలికి లోపలి దాకా చల్లబడనిచ్చాడు. వేడి మాంసాన్ని పెట్టెలో పెట్టి మూత వేస్తే ఎంత ఐసైనా దండగట. మర్నాడు ఎముకతో సహా కాళ్లు పెట్టెల్లో పడుకోబెట్టాం. కర్ర ఎంత చెబితే కాలు అంతే పట్టింది. మధ్యలో నా పాల డబ్బాలు దూర్చాం. మూత టప్పున మూసుకుంది. ఆ చప్పుడు విని వెండెల్ కళ్లు మూసుకున్నాడు. రాయిస్ ఆ చప్పుడు వినుంటే బావుండేదనిపించింది నాకు.

తరవాత ఆ పక్క అతను, ఈ పక్క నేను. రాళ్ల మీద నాలుగడుగులు వేయడం, దించడం, మళ్లీ ఎత్తడం. "దించుదామా?" అని అతనంటే "నేనింకా బాగానే ఉన్నా" అనేదాన్ని. నిజానికి చేతులు ఊడిపోతున్నాయి. అతనివీ అంతేనని తరవాత ఒప్పుకున్నాడు. అయినా ఫిబ్రవరి తరవాత అంత ఆనందంగా నేను ఎక్కడా నడవలేదు.

దారంతా పెట్టెల అడుగున బిరడాలు వదులు చేసే ఉంచాడు, కరిగిన నీళ్లు కారిపోవడానికి. నీళ్లలో నానితే మాంసం పాడైనట్టే. మైదానంలోకి దిగాక ఎండ కాల్చేసింది. పెట్రోలు పోయించుకున్న ప్రతిచోటా నన్నే లోపల చెయ్యి పెట్టి చూడమన్నాడు. తనకి ధైర్యం చాల్లేదు.

ఇంటికొచ్చాక వెనక్కాలు బల్ల మీద పెట్టి, ఎముక పక్కన కత్తి దింపి, ముక్కు ఆనించి వాసన చూశాను. వెండెల్ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"బాగుంది" అన్నాను. "వెండెల్, చాలా బాగుంది."

అతను అక్కడే, గుమ్మంలోనే, మెట్టు మీద కూర్చుండిపోయాడు.

ఆ ఆదివారం కార్లీన్ ముక్క వండాను. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు వేసి మెత్తగా ఉడికించి, మొక్కజొన్న రొట్టె చేశాను. ముగ్గురం కూర్చున్నాం. రాయిస్ కుర్చీ ఉన్నచోటే ఉంది. వెండెల్ తల వంచాడు. నేను ఎప్పట్లా మౌనానికి సిద్ధపడ్డాను.

"ప్రభువా" అన్నాడు వెండెల్, పైకి.

ఫిబ్రవరి తరవాత ఆ ప్రార్థన ఆ బల్ల దగ్గర వినడం అదే మొదటిసారి. ప్రాణమిచ్చిన ఎల్క్‌కి కృతజ్ఞతలు చెప్పాడు. రాత్రి చలికి, పాల డబ్బాలకి, చీపురు కర్రకి, కొట్లో ట్రిష్‌కి, ఉప్పు మూటలకి చెప్పాడు. కోళ్లని చూసుకున్న కార్లీన్‌కి, కోళ్లకి కూడా. రాయిస్‌కి చెప్పాడు. పెట్టెకి రెండో పక్క పిడి పట్టుకున్న చేతికి చెప్పాడు. తరవాత టైర్లకి చెప్పాడు. తరవాత మళ్లీ చలికి.

కార్లీన్ కడుపులో గురగురమంది. నేను ఒక కన్ను తెరిచాను. కూర మీద కొవ్వు తేలి గడ్డకడుతోంది. వెండెల్ కూడా ఒక కన్ను తెరిచే ఉన్నాడు. నన్నే చూస్తున్నాడు, పెదవులు మాత్రం ఏదో చెప్పిందే చెబుతున్నాయి. పాపం, తన ప్రార్థన ఎక్కడ ఆపాలో ఆ మనిషికి తెలియదు. ఇన్నేళ్లూ ఆపింది రాయిస్ కదా. ఇన్ని నెలలూ మొదలుపెట్టకపోవడం కూడా అందుకేనని నాకు అప్పుడు తెలిసింది.

బల్ల మీద చేత్తో ఒక్క దెబ్బ కొట్టాను.

"ఆమెన్!" అన్నాను. "ఇక చాల్లే ముసలోడా, అవతల దేవుడికీ ఆకలేస్తుంది."

వెండెల్ మొహమంతా నవ్వు పరుచుకుంది. ఫోర్కు అందుకున్నాడు.

"కూర చల్లారిపోయింది నెల్డా" అన్నాడు.