కాళమ్మ చూసొచ్చిన పచ్చ

బేరిగైలో ఏ ఇంట్లో ఆడబిడ్డ కడుపుతో ఉన్నా గాజులు తొడిగేది కాళమ్మే. హోసూరు నుంచి గాజుల మలారం భుజాన వేసుకుని వచ్చేది. మాటల్లో పెట్టి, ఎంత బిరుసు చేతికైనా నొప్పి తెలియకుండా గాజు ఎక్కించేది. తనకు మాత్రం పిల్లల్లేరు. నలభై దాటాయి. పెళ్ళయిన నాటి నుంచి ఆమె గాజులమ్మే ఊళ్ళు దాటిందంటే మొక్కుకే. కొండలెక్కింది, పొర్లుదండాలు పెట్టింది, రెండుసార్లు గుండు కొట్టించుకుంది. ఎక్కడికి పోయినా కళ్ళు మూసుకుని దండం పెట్టడమే గాని, కళ్ళు తెరిచి ఆ ఊరు ఎలా ఉందో చూసిన పాపాన పోలేదు.

పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో బేరిగై బట్టలంగడి జ్ఞానాంబ తన కూతురు పుష్పవతికి సీమంతం చేసింది. ఆ పిల్ల మొగుడికి అండమాన్‌లో ఉద్యోగం. కాళమ్మ పచ్చ గాజులు ఎక్కిస్తుంటే పుష్పవతి వాటినే చూస్తూ అంది.

"ఆడ సముద్రం ఇదే రంగు కాళమ్మా. మెడలోతు నీళ్ళల్లో నిలబడినా కాలివేళ్ళు కనిపిస్తాయి."

"పోమ్మా, నాకు చెవిలో పూలు పెట్టొద్దు."

అలా కొట్టిపారేసిందే గాని, ఆ మాట కాళమ్మను వదల్లేదు. గాజులమ్మే మనిషికి పచ్చంటే ఒకటి కాదు. చిలకపచ్చ ఉంది, ఆకుపచ్చ ఉంది, నెమలిపచ్చ ఉంది. ఏ పచ్చో సరిగ్గా అడుగుదామనుకునే లోపే పుష్పవతిని హారతికి లేపేశారు.

కొన్నాళ్ళు ఆగి, పోయి చూసొస్తానంది కాళమ్మ. హోసూరులో ఆమె ఉన్న వీధంతా నవ్వింది.

"ఆడ ఏ సామి ఉండాడు?"

"ఏ సామీ లేడు. నీళ్ళుండాయి. చూసేదానికి పోతా."

డబ్బున్నవాళ్ళు ఊటీ పోతే షికారు. గాజులమ్మి సముద్రం చూడబోతే పిచ్చి. ఎవరు రాసిపెట్టారో ఈ న్యాయం! మొగుడు పిల్లప్ప మెత్తని మనిషి. "పిల్లల కోసం మొక్కుందని చెప్పేస్తే అందరూ నోరు మూసుకుంటారు కదే," అన్నాడు.

"ఇన్నేండ్లూ మొక్కులకే పోయినాను. ఈసారి నా కండ్ల కోసం పోతా," అంది.

సరుకు కోసం కృష్ణగిరిలో దిగక తప్పలేదు. పిల్లప్ప అన్న మునివెంకటప్ప అక్కడే ఉంటాడు. అందరికీ గాజులు ఇచ్చేదీ, ఏ ఊరు ఎవరు తిరగాలో పంచేదీ ఆయనే. సంగతి వినగానే మీసం దువ్వుకున్నాడు.

"అండమాన్‌కు పోయేది ఖూనీలు చేసినోళ్ళు కదమ్మా. నువ్వెవర్ని చంపినావు?"

"ఇంకా ఎవర్నీ చంపలేదు బావా."

పక్కనున్న వాళ్ళు కిసుక్కుమన్నారు. మునివెంకటప్ప మొహం మాడిపోయింది. "మొక్కంటే నేనే బస్సెక్కిస్తా. ఊరికే తిరిగేదానికైతే బేరిగై మర్చిపో. ఆ ఊరు ఇంకమీదట నేనే తిరుగుతా," అన్నాడు.

బేరిగై చేజారితే కాళమ్మ ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు. అది ఇద్దరికీ తెలుసు. అయినా కాళమ్మ సరుకు మూట కట్టుకుని మద్రాసు బస్సెక్కింది.

మద్రాసులో ఎక్కిన ఓడలో అన్నిటికంటే కింద, అన్నిటికంటే చవక చోటు ఆమెది. తిండి కొనే స్తోమత లేదు. అందుకని రేకు డబ్బా నిండా రాగి పేలపిండి పోసి, అందులోనే గాజుల సరాలు కూరింది. పిండి ఆకలికీ పనికొస్తుంది, గాజులు పగలకుండా మెత్తగానూ ఉంటుంది. తన తెలివికి తానే మురిసిపోయింది. తిన్నకొద్దీ పిండి తగ్గుతుందన్న ముక్క మాత్రం ఆ తెలివికి తట్టలేదు. పూట గడిచేకొద్దీ డబ్బాలో గాజులు మోగసాగాయి. గాలికి ఓడ ఒక పక్కకు ఒరిగినప్పుడు డబ్బా బోర్లాపడి సగం గాజులు ముక్కలయ్యాయి. గాజుపెంకులు కలిసిన పిండి ఎవరు తింటారు? మంచి గాజులు ఏరుకుని, మిగతాదంతా తీసుకుపోయి సముద్రంలో గుమ్మరించింది.

అప్పుడు ఏడుపొచ్చింది. మొక్కని చెప్పి వచ్చి ఉంటే ఇలా జరిగేది కాదేమో అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. కళ్ళు తుడుచుకుని లేచి, వాంతులతో మూలుగుతూ పడుకున్న ఆడవాళ్ళ దగ్గరికి పోయింది. శ్రీకాకుళం నుంచి కూలికి పోతున్న వాళ్ళు.

"లేయండమ్మా, చేతులియ్యండి. దిగేటప్పటికి బోసిచేతులతో దిగుతారా?"

ఆమె యాసకు వాళ్ళు నవ్వారు, వాళ్ళ యాసకు ఆమె నవ్వింది. గాజులు తొడిగించుకుని అన్నం పెట్టారు. దిగాక తమ గుడిసెల్లోనే చాప పరిచారు. మిగిలిన గాజులు అక్కడి బజారులో అమ్మి తిరుగు టికెట్టు కొనుక్కుంది.

ఒక పొద్దున ఒక్కతే ఒడ్డుకు పోయింది. అమ్మకుండా రకానికొకటిగా దాచుకున్న పచ్చ గాజులు పట్టుకుని మెడలోతు దాకా దిగింది. తల దించి చూస్తే కాలివేళ్ళు కనిపించాయి, వేళ్ళకున్న మెట్టెలూ కనిపించాయి. గాజులు ఒక్కొక్కటే నీళ్ళ దగ్గర పెట్టి చూసింది. ఒక్కటీ కలవలేదు. తాను ఎన్నడూ అమ్మని పచ్చ అది. కాళమ్మకు పట్టరాని సంతోషం వచ్చింది. ఏ సామినీ అడగాల్సింది లేదు, బదులు ఏదో ఇస్తానని ఒప్పుకోవాల్సింది లేదు. రెప్ప వేయడం కూడా దండగనిపించి, ఎండెక్కేదాకా అలాగే నిలబడింది.

తిరిగొచ్చి, ఇంట్లో మిగిలున్న పాత గాజులు మలారానికి ఎక్కించుకుని బేరిగై పోయేసరికి జ్ఞానాంబ ఇంటి అరుగు నిండా ఆడవాళ్ళు. పుష్పవతి బిడ్డను తొట్టిలో వేసే రోజు. మధ్యలో మునివెంకటప్ప మలారం విప్పుకుని కూర్చున్నాడు. జ్ఞానాంబ చెయ్యి ఆయన చేతిలో ఉంది, గాజు సగం దాకా ఎక్కింది.

"రామ్మా," అన్నాడు ఆయన. "మొక్కు తీర్చుకుని వచ్చినానని అందరి ముందరా ఒక్క మాట చెప్పు. ఇప్పుడే సరుకు సర్దుకుని లేస్తా."

"అనేసెయ్యి కాళమ్మా, మాటే కదా," అంది జ్ఞానాంబ జాలిగా.

కాళమ్మ మెట్టు కిందే నిలబడింది. "లేదమ్మా. మొక్కు లేదు, పాడు లేదు. చూసేదానికి పోయినాను. చూసినాను. వచ్చినాను."

పుష్పవతి బిడ్డను ఒళ్ళో సర్దుకుని, సీమంతం నాటి గాజులున్న చెయ్యి చాపింది. "ఈ రంగే కదా?"

"కాదమ్మా. నీ చేతిదీ కాదు, మా బావ సరుకులోదీ కాదు."

జ్ఞానాంబ కూతురి చేతిని చూసింది, కాళమ్మను చూసింది. సగం ఎక్కిన గాజును తానే వెనక్కి లాగి మునివెంకటప్ప ముందు పెట్టింది. చెయ్యి తీసుకుని కాళమ్మ వైపు తిరిగింది.

"రా, కూర్చో. ఆ రంగు ఎట్లుందో చెప్పుకుంటా తొడుగు."

కాళమ్మ మెట్టెక్కి, మలారం దించి, ఆ చెయ్యి పట్టుకుంది.

"చెప్తే తెలీదు జ్ఞానాంబమ్మా. పోయి చూడల్ల."