సముద్రపు అడుగు మీద ఏడో గల్లీ పంచాయతి

1983 జనవరి 16, ఆదివారం, ఉదయం పది గంటలకు తెలుగు కుటుంబాలుండే కామాటిపుర ఏడో గల్లీలో, మేముండే వరస గదుల చాల్ ముంగిట్లో, సముద్రపు అడుగు ఎవరిదనే విషయం మీద బహిరంగ చర్చ మొదలైంది. వక్తలు ఇద్దరు. ఒకరు మా లా కాలేజీలో అంతర్జాతీయ న్యాయశాఖకు అధిపతి, ప్రొఫెసర్ సామంత్. రెండోవారు ఆయన కింద లెక్చరర్‌గా ఉన్న నేను. హోదాలో మా ఇద్దరికీ మధ్య రీడర్ పోస్టు ఒకటుంది.

అంతకు ముందు నెలలోనే సముద్ర న్యాయ ఒప్పందం మీద వందకు పైగా దేశాలు సంతకాలు చేశాయి. మన దేశం చేసింది, అమెరికా చేయలేదు. తగాదా అంతా నడిసముద్రం అడుగున, ఏ దేశపు హద్దులోకీ రాని చోట, ఆలుగడ్డల్లా పడి ఉన్న లోహపు ముద్దల గురించి. అవి మానవాళి ఉమ్మడి సొత్తని ఒప్పందం అంది. తీసినవాడిదే సొత్తని యంత్రాలున్న దేశాలు అన్నాయి. న్యాయ అధ్యాపకులు దీని మీద తెగ రాస్తూ, తెగ మాట్లాడుతూ ఉన్న రోజులవి. అయితే అంతా ఇంగ్లీషులో, ఆఫీసుల పేట అయిన ఫోర్టు వైపు హాళ్ళలో.

నెలకొక పేటలో, ఆ పేట భాషలో ఉపన్యాసం పెడదామని నేను రాసిచ్చిన ప్రతిపాదనను సామంత్ గారు రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి ఒక షరతు పెట్టారు. ఒక్క సభ జరిపి చూపించాలి. ఇద్దరి వాదనలూ పూర్తయ్యేదాకా జనం లేవకుండా కూర్చుంటే ఏడాది పొడుగునా ఉపన్యాసాలు మంజూరు. మధ్యలో లేస్తే ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు.

ఒప్పందం పక్షం నాది, యంత్రాల పక్షం ఆయనది. చర్చ కోసం పక్షాలు పంచుకోవడం మా వృత్తిలో మామూలే, సొంత అభిప్రాయంతో పని లేదు. చెరి ఇరవై నిమిషాలు. ఆయన హిందీలో, నేను తెలుగులో.

మేం ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చున్నామో లేదో, మల్లయ్య తాత వచ్చి మా మధ్య తువ్వాల పరిచాడు. ఒకప్పటి మేస్త్రీ, మా చాల్‌కి పెద్దమనిషి.

"జమానత్ పెట్టుండ్రి" అన్నాడు.

మా వాడలో తగాదా తీర్చే ముందు రెండు పక్షాలూ ఏదో ఒకటి పెద్దమనిషి దగ్గర పూచీగా పెట్టాలి. తీర్పు వినకుండా లేచిపోకుండా ఉండటానికి ఆ కట్టుబాటు.

"ఇది పంచాయతి కాదు తాతా, చర్చ" అన్నాను.

"ఇద్దరు ఎదురుబొదురు కూసున్నరు. తగాదా ఉన్నది. జనం ఉన్నరు. ఇంకేం గావాలె బిడ్డా? పెట్టు."

నా కలం పెట్టాను. పోయినా బాధపడని వస్తువు పనికిరాదని వెనక్కి నెట్టాడు. కళ్ళజోడు తీసి పెట్టాను. సామంత్ గారు నవ్వుతూ చేతి గడియారం విప్పారు. మామగారు పెళ్ళిలో పెట్టిందట. ఆ మధ్యాహ్నం గిర్గావ్‌లో ఆ మామగారింట్లోనే భోజనమని కూడా చెప్పారు.

"సారు బరాబర్ చిక్కిండు" అంది గేటు దగ్గర బజ్జీలు వేసే నర్సవ్వ. జనం గొల్లుమన్నారు.

కళ్ళజోడు లేక నేను రాసుకొచ్చిన వ్యాసం నాకే కనిపించలేదు. "సదవనప్పుడు గిటియ్యరాదక్కా, పొట్లాలకన్న అయితయి" అని నర్సవ్వ లాక్కుపోయింది. నోటికొచ్చినట్టు మాట్లాడాను. సముద్రపు అడుగు మన చాల్ వరండా లాంటిది, మంచం వేసుకోవచ్చు గానీ గోడ కట్టకూడదు అన్నాను. చప్పట్లు కొట్టారు.

గడియారం లేక సామంత్ గారికి ఇరవై నిమిషాలు ఎప్పుడు దాటాయో తెలియలేదు. యంత్రాల ఖర్చు, తుఫానులు, మునిగే పెట్టుబడి అన్నీ వివరించి, తవ్వినవాడికి కూలి వద్దా అని అడిగారు. కట్టడం పనివాళ్ళ వంశాలు మావి. "కూలి ఇయ్యాల్సిందే!" అని సగం చాల్ ఆయన వైపు తిరిగింది. ఒక్కరూ కదల్లేదు. ఓడిపోతున్నానని తెలిసినా ఉపన్యాసాలు దక్కుతున్నాయని నాకు లోపల ఒకటే గంతులు.

అప్పుడు మల్లయ్య తాత చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు. "గా యంత్రాలోడు, అమెరికోడు, ఏం పెట్టిండు జమానత్?"

"ఏమీ పెట్టలేదు. సంతకమే చేయలేదు" అన్నాను.

"గట్లయితే పంచాయతే లేదు. లెవ్వుండ్రి."

తువ్వాల మూట కట్టేశాడు. జనం బట్టలు దులుపుకుంటూ లేచారు. సామంత్ గారి వాదన ఇంకా పూర్తి కాలేదు. షరతు ప్రకారం నా ఉపన్యాసాలు అక్కడితో సరి. ఆయన నా వైపు మర్యాదగా ఒక నవ్వు నవ్వి, గడియారం కోసం చెయ్యి చాపారు.

"తీర్పు కాని జమానత్ నా తాననే ఉంటది. మళ్ళ కూసున్ననాడు ఇస్త" అన్నాడు తాత.

"మళ్ళీ ఎప్పుడు?"

"హోలీ అయినంక."

సామంత్ గారు మామగారిని తలుచుకున్నట్టున్నారు. కుర్చీ ఎక్కి నిలబడ్డారు. "బైఠో! సబ్ బైఠో!" అని గల్లీ చివరి దాకా వినిపించేలా అరిచారు. రాని ఒక్కడి కోసం వచ్చినవాళ్ళ న్యాయం ఆగకూడదన్నారు. సంతకం చేసిన దేశాలు ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయన్నారు. ఒప్పందం అధికరణలు వరసగా అప్పజెప్పారు. అది మొత్తం నా పక్షం వాదన, నాకంటే బాగా చెప్పారు.

"నల్లా కాడికి ఒక్కడు రాకుంటే మనం నీళ్ళు పట్టుడు బంద్ జేస్తమా? కూసోండ్రి!" అంది నర్సవ్వ, గరిటె ఊపుతూ. అందరూ కూర్చున్నారు. తాత కూడా కూర్చున్నాడు, మూట మీదే.

తీర్పు ఇలా వచ్చింది. సముద్రపు అడుగు అందరిది. తవ్వినవాడికి ముందు కూలి, మిగిలింది పంపకం. రాని పక్షానికి మూడుసార్లు కబురు చేయాలి. హద్దులు కళ్ళారా చూడటానికి అందరం సముద్రపొడ్డుకు, చౌపాటీ దాకా పోదామని కూడా తాత అన్నాడు. తీర్పు ముగియకముందే సామంత్ గారు అన్నిటికీ ఒప్పుకున్నారు, చౌపాటీ మాత్రం వచ్చేసారి అన్నారు.

సోమవారం మంజూరు కాగితం నా బల్ల మీదికి వచ్చింది. జనాన్ని మళ్ళీ కూర్చోబెట్టింది తనే గనక, మధ్యలో లేచిన మాట ఆయన ఎత్తలేదు. చివర ఆయన స్వహస్తంతో ఒక వాక్యం: వక్తలు విలువైన వస్తువులు ధరించి వెళ్ళరాదు.

తర్వాత ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పాను. ఒప్పుకోని దేశం మీద అంతర్జాతీయ న్యాయస్థానానికి అధికారం ఎందుకు ఉండదని విద్యార్థులు అడిగినప్పుడు ఈ సభ గురించే చెప్పేదాన్ని. పూచీ పెట్టని పక్షం వల్ల పంచాయతి ఆగిపోవచ్చు. పూచీ పెట్టిన పక్షం దాన్ని ఆగనివ్వదు, తనకు ఇష్టం లేకపోయినా.

ఆ రోజు పోయినవి: నా వ్యాసం, పన్నెండు పేజీలు, బజ్జీల పొట్లాలకు. నా కళ్ళజోడు ఎడమ అద్దం, తాత కింద. సామంత్ గారి వాదం, పూర్తిగా. గడియారం పోలేదు.